ఒడ్డున ఉన్నవాళ్ళ చేతిలో ఫోనుంటే

మా గూడెం ఆడవాళ్ళు నీళ్ళాడాక, అంటే కానుపయ్యాక, ఒళ్ళు కడుక్కునే మడుగు ఒకటుంది. దాని పేరు ఇక్కడ రాయను. రాస్తే మళ్ళీ ఎవడో ఒకడు ఫోనులోకి ఎక్కిస్తాడు. అనంతగిరి కొండల్లో ఎక్కడో ఉందనుకోండి, చాలు. పైనుంచి గెడ్డ, అంటే మా కొండవాగు, దూకి నల్లరాయి మీద పడుతుంది, అక్కడ మడుగు కట్టింది. చుట్టూ బండలు గోడల్లా నిలబడి ఉంటాయి. బయట నిలబడ్డ మనిషికి లోపల స్నానం చేసే మనిషి కనబడదు.

బిడ్డని కన్న ఆడది ఆ మడుగులో మునిగి లేచాకే మళ్ళీ పొయ్యి ముట్టుకుంటుంది, విత్తనాల బుట్టలో చెయ్యి పెడుతుంది. నన్ను మా అత్త తీసుకెళ్ళింది. ఆవిణ్ణి వాళ్ళత్త తీసుకెళ్ళింది. చలికి నా పళ్ళు టకటకలాడుతుంటే మా అత్త నవ్వుతూ ఇంకో చెంబుడు గుమ్మరించింది. ఆ చలి ఇప్పటికీ నా వీపు మీద ఉంది.

ముందటేడు చలికాలంలో ఒకడొచ్చాడు. వీపు మీద పెద్ద సంచి, మెడలో కెమెరా, కాళ్ళకి బూట్లు. మా అరుగు మీద కూలబడి నీళ్ళడిగాడు. చోడి అంబలి ఇచ్చాను, మీరు రాగి అంబలి అంటారే, అదే. ఉల్లిపాయ నంజుకుని గటగటా తాగేసి ఇంకో గ్లాసు అడిగాడు. ఆకలి మీద ఉన్నాడు పాపం అనుకున్నాను.

మా గూడెంలో ఒక పద్ధతి ఉంది. మొదటిసారి వచ్చిన చుట్టానికి ఇంట్లో కుండలో నీళ్ళిచ్చి ఊరుకోం. గెడ్డ మొదటికి తీసుకెళ్ళి, దోసిలి పట్టించి తాగిస్తాం. ఆ నీళ్ళు తాగిన మనిషి మా మీద చెడు తలవడని మా నమ్మకం. కింద ఊళ్ళవాళ్ళకి ఇది పిచ్చిలా కనబడొచ్చు. నేను మాత్రం ఎవరొచ్చినా అలాగే తీసుకెళ్ళాను, వాణ్ణీ తీసుకెళ్ళాను. తాగాడు. మూతి తుడుచుకుని కిందకి చూశాడు.

"అదేంటమ్మా, ఆ మడుగు?"

"అది ఆడోళ్ళది బాబూ. మగోళ్ళు అటేపు ఎల్లకూడదు."

"అయ్యో, నేనెందుకు వెళ్తానమ్మా," అని రెండు చేతులూ జోడించాడు.

నేను ఇంటికొచ్చి చేట పట్టుకున్నానో లేదో, కొండ మీద కందిరీగల తుట్టె కదిలినట్టు రొద. అది డ్రోను అంటారని, గాల్లోంచి బొమ్మలు తీస్తుందని తరవాత మా కోడలు చెప్పింది.

మా కోడలు ఇంటరు చదివింది, టీచరు పరీక్షకి చదువుకుంటోంది. ఆ గుంటే ఒకరోజు ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. అందులో వాడున్నాడు. మడుగు ముందు నిలబడి చేతులు చాచి చెబుతున్నాడు. ఇది ఇంతవరకూ మనిషి అడుగు పడని చోటట. తనే కనిపెట్టాడట. ఆ వీడియోలోనే అంతకుముందు పైన గెడ్డ దగ్గర తీసిన ముక్క ఉంది. వాడు మాట్లాడుతుంటే బొమ్మ అంచున రెండు కాళ్ళు కనబడతాయి. పగిలిన మడమలు, వెండి కడియాలు.

"అత్తా, ఇవి నీ కాళ్ళే గదేటి?"

"నావే."

"మరి మనిసి అడుగు పడలేదంతాడేటి? నువ్వు మనిసివి కాదేటి?"

ఆరోజు ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వాల్సింది కాదని మెల్లిగా తెలిసింది. ఫోను మేపులో మా మడుగు మీద ఎర్ర గుర్తు పెట్టి, వాడి పేరుతో జలపాతం అని రాశాడు. ఇంక శని ఆదివారాలు మా దారి నిండా బళ్ళు. మడుగు నిండా ప్లాస్టిక్ ప్లేట్లు, షాంపూ పేకెట్లు, పగిలిన సీసాలు. మా పక్కింటి పిల్ల మొదటి కానుపయ్యాక స్నానానికెళ్ళింది. నీళ్ళలో ఉండగానే నెత్తి మీదకి ఆ డ్రోను వచ్చింది. తడిచీరతో, చంకలో పసిగుడ్డుతో ఆ పిల్ల తుప్పల్లో పడి పరిగెత్తింది. మోకాలు చెక్కుకుపోయింది. ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ డ్రోను తీసిన వీడియో ఎక్కడెక్కడ తిరిగిందో మాకు తెలియదు. చెప్పాల్సిన వాళ్ళకి చెప్పాం, చూస్తామన్నారు.

ఆ పిల్ల తరవాత మడుగుకి ఎవరూ వెళ్ళలేదు.

అలా ఉండగా మా కోడలికి నెల తప్పింది. కొడుకు పెళ్ళయిన ఇన్నాళ్ళకి కడుపు పండితే ఎవరికైనా సంబరంగా ఉంటుంది. నాకు సంబరంతో పాటు కోపం కూడా లేచింది. ఈ గుంటని ఎక్కడికి తీసుకెళ్ళి నీళ్ళు పొయ్యాలి?

"బక్కెట్లో నీళ్ళు తెప్పించుకుని ఇంటికాడే పోసుకుంటానులే అత్తా," అంది కోడలు.

"పోసుకోవు," అన్నాను.

"మరేటి సేత్తావు?"

ఏం చేస్తానో నాకూ తెలియదు అప్పటికి. కాని ఆ మనిషిని ఏడిపించాలని మాత్రం గట్టిగా అనుకున్నాను. చోళ్ళు విసురుతూ అదే ఆలోచన, కట్టెలు తెస్తూ అదే ఆలోచన. నేను మెతక మనిషినని గూడెంలో అందరూ అంటారు. పిల్లలకి కథలు చెబుతాను, ఎవరింట్లో జ్వరమొచ్చినా కషాయం కాచి తీసుకెళ్తాను. ఆ మెతక మనిషి లోపల నిప్పు ఎలా రాజుకుందో ఎవరికీ కనబడలేదు.

మిరియాలు ఎండబెట్టే రోజులు. సిల్వరోక్ చెట్ల మీద పాకించిన తీగల నుంచి కోసి, వాకిట్లో తడిక మీద పరిచాం. నేను కాలితో కలుపుతున్నాను, కోడలు గడపలో కూర్చుని పైకి చదువుకుంటోంది. ఎప్పటిదో ఒక ఓడ నాయకుడి పాఠం. మిరియాలకీ బంగారానికీ మన దేశం రావాలని పడమటి సముద్రం మీద బయల్దేరాడట. నేలే కనబడక ఓడలో వాళ్ళు గోల పెట్టారట. చివరికి ఎక్కడో ఒక దీవికి చేరి, ఇదే ఆ దేశం అనుకున్నాడట. అక్కడి మనుషులకి మన పేరు పెట్టేశాడట.

"ఈ మిరియాలకేనా?" అన్నాను కాలి కింద చూసి.

"ఈటికే అత్తా. ఇక్కడో ప్రశ్న ఇచ్చారు. అడి దగ్గిర ఇప్పటి ఫోన్లు, ఉపగ్రహాలు ఉండుంటే ఏటయ్యుండేది, రాయమన్నారు."

"నువ్వేటి రాత్తావు?"

"దారి తప్పడు. తుఫాను ముందే తెలుసును. ఇది మన దేశం కాదని దిగీ దిగ్గానే తెలిసిపోద్ది."

"తెలిస్తే ఎనక్కి ఎల్లిపోదుడేటి?"

కోడలు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఆలోచించింది. "ఎల్లడు. ఈడియో తీసి పెడుదుడు. ఇంకా బేగి ఇంకో నాలుగు ఓడలొచ్చును."

"ఆ దీవిలోళ్ళు అడికేటి సేసేరు?"

"నీళ్ళిచ్చారు, తిండి పెట్టారు, సిలకలిచ్చారు. అడు ఈళ్ళని చూసి మంచి పనోళ్ళవుతారని రాసుకున్నాడట. కొంతమందిని ఓడలో కట్టి తీసుకుపోనాడు కూడాను."

నా కాలు ఆగిపోయింది. చిలకలు ఇచ్చిన చేతులు నాకు కనబడ్డాయి. ఒడ్డున నిలబడి, ఎవరో పాపం నీళ్ళలో పడొచ్చారు, ఆకలిగా ఉన్నారు అనుకున్న ఆడవాళ్ళు కనబడ్డారు. వాళ్ళకి నేను ఏమీ కాను. అయినా నా రక్తం మరిగింది.

"అమ్మీ, అడి సేతిలో ఫోనుంటే ఏటవుద్దో రాసినావు గదా. ఒడ్డునున్నోళ్ళ సేతిలో ఫోనుంటేనో?"

"అది అడగలేదత్తా."

"నానడుగుతున్నాను."

ఆ గుంట మెల్లిగా నవ్వింది. "మొదటి దీవోళ్ళు రెండో దీవోళ్ళకి సెప్పెద్దురు. ఓడొస్తంది, బంగారం దాసెయ్యండి, పిల్లల్ని అడివిలోకి తోలెయ్యండి అని. అడు ఏ ఒడ్డుకి పోనా ఒట్టి ఇసకే."

"అదీ," అన్నాను. నాకు దారి దొరికింది.

చైత్రంలో మాకు ఇటుకల పండగ. మగవాళ్ళు అడవికి వేటకెళ్తారు. ఆడవాళ్ళం రోడ్డుకి అడ్డంగా వెదురు గెడ కట్టి, వచ్చేపోయే బళ్ళని ఆపి, పాటలు పాడి, ఏదో ఒకటి ఇచ్చేదాకా వదలం. వేటకెళ్ళినవాడు ఒట్టి చేతులతో తిరిగొస్తే వాడి మీద పేడనీళ్ళు గుమ్మరిస్తాం. ఇప్పుడు అడవిలో వేటేముంది, పేరుకి తిరిగొస్తారు. మా ముసలాయన ఏటేటా ఒట్టి చేతులతోనే వచ్చి, దొడ్డిదారిన ఇంట్లో దూరాలని చూసి, ఏటేటా నాకు దొరికిపోతాడు.

పండగ దగ్గర పడుతుండగా వాడు మళ్ళీ వీడియో పెట్టాడని కోడలు చూసి చెప్పింది. తన జలపాతానికి తన అభిమానుల్ని తీసుకొస్తాడట. గిరిజన పండగ కూడా చూపిస్తాడట. దేవత నా మొర విందనుకున్నాను.

మా మహిళా సంఘాలవాళ్ళకి ఫోన్లలో ఒక గ్రూపుంది. పొదుపు మీటింగులు, టీకాల బండి కబుర్లు అందులో చెప్పుకుంటాం. నాకు రాయడం అంతగా రాదు, గొంతు రికార్డు చేసి పంపాను. పక్కింటి పిల్ల సంగతి చెప్పాను. మా కోడలి సంగతి చెప్పాను. వాడొస్తున్నాడని చెప్పాను. ఘాటీ రోడ్డు పొడుగునా ఉన్న గూడేల నుంచి ఒకరి తరవాత ఒకరు పలికారు. కింద గూడెంలో ఉండే మా వదిన అయితే, "ఒదినా, రానీ. మా గెడ కాడే సగం ఎండబెట్టి పంపుతాను," అంది.

పండగ రోజు పొద్దున్నే మా వదిన గొంతొచ్చింది. "ఎర్రకారు. ముందు సీట్లో అడే, నల్లకళ్ళద్దాలు. ఎనక బళ్ళు సాలా ఉన్నాయి." వాళ్ళు థింసా ఆడారు. కారు చుట్టూ గొలుసు కట్టి ఆడుతూనే ఉన్నారు. వాడు మొదట సంబరపడి వీడియో తీసుకున్నాడట. వదిలాక కొంత దూరం పోగానే ఇంకో గెడ. అక్కడ పాట. ఆపైన ఇంకో గెడ. ప్రతి గెడ దగ్గర నుంచీ మాకు కబురు వస్తూనే ఉంది. "అభిమానులు తగ్గిపోతన్నారు." "ఎనకబళ్ళోళ్ళు తిరిగి ఎల్లిపోనారు." "నీళ్ళయిపోనాయట, అడుగుతున్నాడు." నేను మా గెడ దగ్గర రాయి మీద కూర్చుని ఒక్కొక్క మాటా చప్పరించుకుంటూ విన్నాను. చింతపండు కూడా నా నోటికి అంత రుచిగా ఎప్పుడూ లేదు.

మా దగ్గరికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఎర్రకారు ఒక్కటే మిగిలింది. వాడు దిగాడు. చొక్కా తడిసిపోయి ఉంది. నన్ను చూసి పళ్ళికిలించాడు.

"అమ్మమ్మా, ఒక ఫోటో తీసుకుందామా?"

"నానెవరో ఎరుగుదువా బాబూ?"

"లేదమ్మమ్మా, మొదటిసారి చూడ్డం."

పక్కింటి పిల్ల నా వెనకే నిలబడి ఉంది. తన ఊపిరి నాకు వినబడుతోంది. వాడు నా అంబలి మర్చిపోవచ్చు. నా దోసిలి పక్కన దోసిలి పట్టి తాగిన నీళ్ళు మర్చిపోయాడు. అప్పటిదాకా నాలో ఎక్కడో ఒక మూల, వాడు తల దించుకుంటే వదిలేద్దాంలే అన్న మెత్తదనం ఉండేది. అది ఆ మాటతో పోయింది.

"ఏటి ఏట తెచ్చినావు?" అన్నాను.

"నేను వేటకి రాలేదమ్మమ్మా." జేబులోంచి నోట్లు తీశాడు. "ఇదుగో, పండగకి."

"అది లోపలెట్టు. మా కొండకొచ్చినావు, మా మడుగు పట్టుకుపోనావు. మాకేటి తెచ్చినావు సెప్పు?"

వాడు వెనక్కి తిరిగి కారులో ఉన్న స్నేహితుణ్ణి చూసి నవ్వబోయాడు. "ఏదో కామెడీరా, తియ్ తియ్," అన్నాడు. స్నేహితుడు ఫోను ఎత్తాడు.

"ఒట్టి సేతులే," అన్నాను మా వాళ్ళతో.

ముందు పక్కింటి పిల్లే గుమ్మరించింది. తరవాత నేను. తరవాత ఎవరిది ఏ బక్కెట్టో తెలియలేదు. కళ్ళద్దాల మీద నుంచి, ముక్కు మీద నుంచి, కెమెరా మీద నుంచి కారింది. ఎవరూ వాణ్ణి తిట్టలేదు, ఎవరూ చెయ్యి చేసుకోలేదు. పండగపాట పాడుతూ పోశాం, అంతే. అదే సమయానికి మా ముసలాయన అడవి నుంచి దిగాడు. వాణ్ణి చూసి, "ఓరి నాయనా, నాను ఎప్పుడూ ఇంత తినలేదు," అని పక్కకి తప్పుకున్నాడు.

"మేపులో ఆ గుర్తు తియ్యి," అన్నాను వాడితో.

"నేను తీస్తే పోదు. అందరూ ఫోటోలు పెట్టేశారు. ఇప్పుడది నా చేతుల్లో లేదు." కళ్ళద్దాలు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. నాకు జాలి రాలేదు. గెడ ఎత్తలేదు. వాడు కారు వెనక్కి తిప్పుకుని ఆ కంపుతోనే ఘాటీ దిగాడు. స్నేహితుడు తీసిన వీడియో మాత్రం ఎలాగో బయటికొచ్చింది. అన్నం తింటూ ఒకసారి, తిన్నాక ఒకసారి చూశాను.

"అత్తా," అంది కోడలు, పెద్ద పొట్ట మీద చెయ్యి వేసుకుని. "పేడ కడిగేసుకుంటే పోద్ది. మేపు అలాగే ఉంది. వచ్చే ఆదివారం మళ్ళీ బళ్ళొత్తాయి."

నిజమే. వాడి ఒక్కడి మీద కసి తీరితే నా కోడలికి నీళ్ళెక్కడివి?

మేపులో తప్పుంటే ఎవరైనా చెప్పొచ్చట. ఒక్కరు చెబితే వినదట, చాలామంది అదే మాట చెబితే వింటుందట. కోడలు ఫోను తీసి, "ఇక్కడ ఏటీ లేదని పెడదామా?" అంది.

"లేదంటే ఎతుకుతారు. ఉందనే సెప్పు. ఇంకో సోట ఉందని సెప్పు."

"ఎక్కడ?"

నేను కొండ అవతలకి చెయ్యి చూపించాను. అక్కడ తారురోడ్డు అయిపోయే చోట బోడిమెట్ట ఉంది. చుక్క నీరు లేదు, చెట్టు లేదు. మా గూడేల పశువులు మధ్యాహ్నం పూట అక్కడ చేరి నెమరేస్తాయి. మనిషికి ప్రమాదం లేదు, సుఖమూ లేదు.

"పేరు మారుద్దామా?"

"వద్దు. అడి పేరు అలాగే ఉండనీ."

గ్రూపులో చెప్పాం. మొదట రెండు మూడు ఫోన్ల నుంచి పెడితే ఏమీ అవలేదు. పట్టు వదల్లేదు. ఏ గూడెంలో ఫోనున్న ఆడది ఆ గూడెంలో, సంతలో కూర్చుని, కాఫీ తోటల్లో కలుపు తీస్తూ, అందరం అదే మాట చెప్పాం. బోడిమెట్టకెళ్ళి పశువుల ఫోటోలు తీసి పెట్టారు కొందరు. వానలు మొదలయ్యే ముందు ఒకరోజు కోడలు ఫోను నా ముఖం మీద పెట్టింది. ఎర్ర గుర్తు కొండ దాటేసింది. పేడకళ్ళ మధ్య ఒంటరిగా నిలబడి, వాడి పేరు పెట్టుకుని ఉంది.

బళ్ళు ఒక్కసారిగా ఆగలేదు. దారి తెలిసినవాళ్ళు కొన్నాళ్ళు వచ్చారు. పండగయ్యాక కూడా గెడ విప్పలేదు, ఎవరొచ్చినా ఎత్తలేదు, విసిగి వాళ్ళూ మానేశారు. మేం గోనెసంచులు తీసుకెళ్ళి మడుగు శుభ్రం చేశాం. గాజుముక్కలు అడుగున ఇంకా ఉన్నాయి, నా అరికాలు తెగింది. అది మానాక కూడా దాని లెక్క నేను మర్చిపోలేదు.

కోడలు ఆడపిల్లని కంది. ఆస్పత్రి నుంచి వచ్చి, ఒళ్ళు కొంచెం గట్టిపడ్డాక, వాన వెలిసిన పూట చూసి మడుగుకి తీసుకెళ్ళాను. పక్కింటి పిల్ల తన బిడ్డతో సహా ముందు నడిచింది. ఆమె స్నానం కూడా అప్పుడు సగంలో ఆగిపోయిందిగా. ఆకాశం వైపు చూసి చూసి, ఏ రొదా లేదని నమ్మకం కుదిరాక నీళ్ళలో దిగింది. కోడలు చలికి "ఓలమ్మ ఓలమ్మ" అంటూ బండ పట్టుకుంది. నేను పసుపు నలిపి దాని వీపు రుద్దుతున్నాను. ఒడ్డున పెట్టిన ఫోను పలికింది. బోడిమెట్ట దగ్గర పశువులు కాస్తున్న మా వదిన.

"ఒదినా, రెండు కార్లొచ్చాయి. జలపాతమేదని నన్నడుగుతున్నారు. ఇదే బాబూ అంటే తిట్టుకుంటన్నారు. సిన్నపిల్లలు కూడా ఉన్నారు, దాహమంటన్నారు. ఏటి సెప్పమంటావు?"

కోడలు తడిజుట్టు వెనక్కి తోసుకుని నా వైపు చూసింది. "పాపం అత్తా. పిల్లలట."

చేతికి పసుపు ఉంది. చిటికెనవేలితో నొక్కి చెప్పాను. "పిల్లలకి నీ కుండలో నీళ్ళియ్యి. దారి మాత్రం సెప్పకు."

ఫోను బోర్లించి పెట్టాను. కోడలు ఇంకా నన్నే చూస్తోంది.

"నువ్వు ముందు తల ముంచు," అన్నాను.